అప్పుల ఒప్పందంపై సంతకం పెట్టే ముందు: వరంగల్ ప్రాంత కుటుంబాలకు ఒక సమగ్ర మార్గదర్శి

నర్సంపేట దగ్గరి ఒక మోటారు వైండింగ్ మేస్త్రీ తన ఫోనులో ఒక ప్రామిసరీ నోటు ఫోటో తెచ్చి నా ముందు పెట్టాడు. నోటు ముందు వైపు రెవెన్యూ స్టాంపు మీద అతని సంతకం ఉంది. వెనుక వైపు ఒకటి నీలం, ఒకటి నలుపు సిరాతో రెండు చెల్లులు (కొంత సొమ్ము కట్టినట్టు నోటు మీద వేసే రాతలు) ఉన్నాయి, రెండింటి కిందా అతని సంతకమే. అప్పు ఇచ్చిన ఆసామి, ఊరి పెద్దమనుషులు కలిసి కొత్త ఒప్పంద పత్రం ఒకటి రాయించారనీ, నెలకు 10,000 రూపాయలు కట్టేటట్టు ఎల్లుండి సంతకం పెట్టమంటున్నారనీ అతను చెప్పాడు. నేను అడిగింది ఒక్కటే: రెండో చెల్లు తేదీ ఎంత? లెక్క చూస్తే అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు గడిచాయి. మూడేళ్లు నిండితే ఆ నోటు మీద దావా వేసే గడువు పోతుంది, ఈలోపు కొత్త సంతకం పడితే ఆ గడువు మళ్లీ మొదలవుతుంది. ఆసామి తొందర వెనుక ఉన్న అసలు కారణం ఆ నాలుగు నెలలే.

న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా ఇలాంటి కాగితాలు చూసే నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఒకటుంది: అప్పులో ఉన్న మనిషి తన సంతకానికి విలువ లేదనుకుంటాడు. నిజానికి ఎదుటివారికి కావలసింది ఆ సంతకమే కాబట్టి దాన్ని ఊరికే ఇవ్వకుండా, సలహా తీసుకుని, తగిన షరతులకు బదులుగా ఇవ్వాలి. ఆ క్రమం ఏమిటో ఈ మేస్త్రీ ఉదాహరణతోనే, అతని ఆనవాళ్లు తెలియకుండా కొంత మార్చి వివరిస్తున్నాను.

మొదటి అడుగు: మాట ఇవ్వకుండా కాగితాలు పోగుచేయడం

కొత్త సంతకం, కొత్త చెక్కు, కొత్త చెల్లు, ఈ మూడింటినీ ఒక వారం పది రోజులు ఆపండి. "ఇస్తాను, లెక్క చూసుకుని చెప్తాను" అనడంలో తప్పు లేదు. ఈ లోపు నోట్ల ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బంగారం కుదువ రసీదులు, చిట్టీ పాసుపుస్తకం, వచ్చిన నోటీసులను వాటి కవర్లతో సహా ఒక సంచిలో పెట్టండి. కవరు మీది పోస్టల్ ముద్రను బట్టి నోటీసు ఎప్పుడు అందిందో తెలుస్తుంది కాబట్టి దాన్ని పారేయకూడదు.

బ్యాంకు అప్పులను మరచిపోకుండా లెక్కలోకి తేవడానికి క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మన ప్రాంతానికి సంబంధించిన చిన్న విషయం: వరంగల్ కేంద్రంగా పనిచేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి కాబట్టి పాత అప్పు కొత్త పేరుతో కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

రెండో అడుగు: మిత్తిని ఒకే కొలతలోకి మార్చడం

మనవైపు ప్రతి అప్పుకూ ఒక్కో భాష ఉంటుంది. "నూటికి రెండు రూపాయలు" అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. రోజువారీగా వసూలు చేసే గిరిగిరి దందాలో మిత్తి కనిపించనే కనిపించదు. చేతికి 45,000 ఇచ్చి, రోజుకు 500 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే "అయిదు వేలేగా పోయింది" అనిపిస్తుంది. కానీ రోజూ అసలు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ఏడాది లెక్కలో ఆ మిత్తి 75 శాతం దాటుతుంది. అన్ని అప్పులనూ సాలీనా శాతంలో రాసి పక్కపక్కన పెడితే, ముందు వదిలించుకోవలసింది ఏదో దానంతటదే తేలుతుంది.

ప్రతి అప్పు పక్కన మరి నాలుగు సంగతులు రాయండి: తాకట్టు ఏమైనా ఉందా, జామీను ఎవరు, ఖాళీ చెక్కులు ఎన్ని ఇచ్చారు, చివరిసారి రాతపూర్వకంగా కట్టిన తేదీ ఏది. మేస్త్రీ పట్టిక ఇలా వచ్చింది. బ్యాంకు ముద్ర రుణానికి నెలకు 5,800 కిస్తీ. బంగారం మీది అప్పుకు 1,400 మిత్తి. ఇప్పటికే ఎత్తుకున్న చిట్టీకి ఇంకా 16 నెలలపాటు 5,000. నోటు అప్పు 3,00,000 మీద నెలకు 6,000 చొప్పున పెరిగే మిత్తి. గిరిగిరికి నెలకు 15,000, అది ఇంకా 40 రోజులు. మొత్తం 33,200.

మూడో అడుగు: ఇల్లు గడిచే లెక్క

చాలామంది ఇక్కడే తమను తాము మోసం చేసుకుంటారు. పిల్లల ఫీజు జూన్‌లో మాత్రమే వస్తుందనీ, బతుకమ్మ, దసరా ఖర్చు ఏడాదికి ఒక్కసారేననీ నెల లెక్కలో రాయరు. అలాంటి ఖర్చులన్నిటినీ ఏడాదికి కూడి 12తో భాగించి నెల ఖర్చులో కలపాలి. ఆదాయం వైపు మాత్రం మంచి నెలను కాక ఏడాది సగటును తీసుకోవాలి. వైండింగ్ పని యాసంగిలో, బోర్లు ఎడతెగకుండా నడిచే రోజుల్లో ఎక్కువగా ఉంటుంది, వానాకాలంలో చెరువులు నిండితే షాపు ముందు ఈగలు తోలుకోవాలి. అలా సగటు చూస్తే అతని ఆదాయం 38,000, ఇంటి ఖర్చు 24,000, మిగిలేది 14,000.

నోటు మిత్తి కట్టకుండా వదిలేసినా, మిగులు 14,000 ఉన్నవాడు మిగతా 27,200 ఎలా కడుతున్నాడన్న ప్రశ్నకు జవాబు, ఒక గిరిగిరిని తీర్చడానికి మరో గిరిగిరి తెస్తున్నాడన్నదే. పెద్దమనుషులు రాయించిన 10,000 కిస్తీ ఈ లెక్కలో ఎక్కడా పట్టదు. బ్యాంకు, బంగారం, చిట్టీ కలిపితేనే 12,200 అవుతున్నాయి. ఆ పత్రం మీద సంతకం పెట్టి ఉంటే మూడో నెలలోనే మాట తప్పినవాడయ్యేవాడు.

నాలుగో అడుగు: సలహా ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

మీ ఒప్పందం కుదిరితే కమీషన్ వచ్చే మనిషి దగ్గర సలహా తీసుకోవద్దు. సగం అప్పు మాఫీ చేయిస్తామని ముందుగా ఫీజు అడిగే సెటిల్‌మెంట్ ఏజెంట్లు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు ఇప్పించే మధ్యవర్తులు, సంతకం పెట్టించే బాధ్యత నెత్తిన వేసుకున్న పెద్దమనుషులు, అందరూ ఈ కోవలోకే వస్తారు. పెద్దమనుషుల్లో మంచివాళ్లు లేరని కాదు. అయితే వాళ్లు ఇద్దరికీ కావలసినవాళ్లు కాబట్టి మీ ఒక్కరి పక్షాన ఆలోచించలేరు.

ఉచితంగా అడగగలిగిన చోటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. హనుమకొండలో అదాలత్ కూడలి దగ్గరి కోర్టుల సముదాయానికి వెళ్లి అడిగితే ఎవరైనా చూపిస్తారు. నర్సంపేట, పరకాల లాంటి చోట్ల స్థానిక కోర్టులోనే మండల న్యాయ సేవా కమిటీని అడగవచ్చు. ఫోనులో అయితే 15100. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు, మిగిలినవారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. భార్య పేరున కూడా అప్పు ఉంటే ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. బ్యాంకు అప్పుల లెక్కలకైతే లీడ్ బ్యాంకు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలో కూడా డబ్బు తీసుకోకుండా కూర్చోబెట్టి చెబుతారు.

న్యాయవాది ఎదుట "నేనేం చేయాలి సార్" అని మాత్రం అడిగితే పెద్దగా ప్రయోజనం ఉండదు. కింది ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఈ నోటుకు గడువు ఉందా? ప్రామిసరీ నోటుకు సాధారణంగా మూడేళ్లు. గడువు లోపల మీరు సంతకం చేసి చెల్లు వేసినా, అప్పు ఉందని రాసిచ్చినా ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు పూర్తిగా పోయిన తర్వాత కూడా, కడతానని రాసి సంతకం చేస్తే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే కొత్త ఒప్పందం అవుతుంది. గడువు పోయిన అప్పు కట్టాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించిన విషయం, కానీ తెలిసి కట్టడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

ఇచ్చినవారికి వడ్డీ వ్యాపారం చేసే లైసెన్సు ఉందా? తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలం నాటి 1349 ఫస్లీ మనీ లెండర్స్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసినవారి దావాను కోర్టు కొట్టివేయాలని అందులో ఉంది. బంధువో స్నేహితుడో ఒకసారి ఇచ్చిన చేబదులు వ్యాపారం కిందికి రాదు కాబట్టి, మీ ఆసామి ఏ కోవలోకి వస్తాడో న్యాయవాదే చెప్పాలి.

జామీను పడినవారి సంగతేమిటి? చట్టం దృష్టిలో జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. అదే సమయంలో, వారి సమ్మతి లేకుండా అప్పు షరతులు మారిస్తే వారు ఆ బాధ్యత నుంచి బయటపడే అవకాశం ఉంది. కొత్త పత్రంలో జామీనుదారు సంతకం కూడా కావాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. మీ బావమరిదిని ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్లే ముందు అతనికీ విడిగా సలహా అందేటట్టు చూడండి.

కట్టకపోతే చట్టప్రకారం జరిగేదేమిటి? భయంలో పెట్టిన సంతకమే అన్నిటికన్నా చెడ్డది కాబట్టి ఇది అడిగి తీరాలి. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, చెక్కు బౌన్సు కేసు మాత్రం వేరు. డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీ (తీర్పు) కింద మహిళను అరెస్టు చేయడానికి వీల్లేదు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం, వృత్తి పనిముట్లకూ రక్షణ ఉంది. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం.

అయిదో అడుగు: దారి ఎంచుకోవడం

బ్యాంకు అప్పయితే, కిస్తీలు తప్పకముందే వెళ్లి గడువు పొడిగించమని అడగడం అన్నిటికంటే మేలు. 90 రోజులు బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, పంట రుణాలకు మాత్రం పంట కాలాల లెక్క వర్తిస్తుంది. మొండి బాకీ అయ్యాక బ్యాంకులు ఓటీఎస్ పేరుతో కొంత తగ్గించి ఒకేసారి తీసుకుంటాయి. అది మీ క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది. 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వుల ప్రకారం, అలా రాజీపడిన వ్యక్తికి వ్యవసాయేతర రుణాల విషయంలో ఆ బ్యాంకు కనీసం 12 నెలలపాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. ఇంకో మాఫీ వస్తుందేమోనని ఓటీఎస్ గడువును జారవిడిచినవాళ్లను ప్రతి ఎన్నికల కాలంలోనూ చూస్తున్నాను.

ఇల్లు తాకట్టులో ఉండి, తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వచ్చినట్టయితే మిగిలిన పనులన్నీ పక్కనపెట్టి ఆ రోజే న్యాయవాదిని కలవండి. అభ్యంతరాలు ఏవైనా ఉంటే ఆ 60 రోజుల లోపే రాతపూర్వకంగా తెలపాలి. స్వాధీనం చర్య మొదలైతే హైదరాబాద్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఉన్న సమయం 45 రోజులు. వ్యవసాయ భూమికి మాత్రం ఈ చట్టం వర్తించదు.

లోక్ అదాలత్ దారి నాకు బాగా నచ్చినది. కోర్టులో కేసు లేకున్నా ప్రీ లిటిగేషన్ కింద దరఖాస్తు పెట్టవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అయితే అక్కడి అవార్డు (రాజీ తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమనీ, దానిపై అప్పీలు లేదనీ, కట్టకపోతే 12 ఏళ్ల వరకు అమలు పిటిషన్ వేయవచ్చనీ తెలిసి వెళ్లాలి. పెద్దమనుషుల కాగితం కంటే ఇది గట్టిది, ఇద్దరికీ. ఇప్పటికే దావా నడుస్తుంటే, తీర్పు ఇచ్చేటప్పుడే వాయిదాల మీద కట్టే అవకాశం ఇవ్వమని కోర్టును కోరవచ్చు. డిక్రీ అయిపోయాక వాయిదాలు కావాలంటే అవతలివారు ఒప్పుకోవాలి, కనుక ఆ కోరిక ముందే పెట్టాలి.

ఇక ఐపీ. "ఫలానావాడు ఐపీ పెట్టిండు" అంటే మన బజార్లలో ఎగ్గొట్టాడనే అర్థం స్థిరపడిపోయింది కానీ, అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టు ముందు ఆస్తులూ అప్పులూ దాచకుండా పెట్టే దరఖాస్తు. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీలకు జామీను పడినవారి విషయంలో తప్ప ఇంకా అమలులోకి రాలేదు కాబట్టి మామూలు కుటుంబాలకు ఈ పాత చట్టమే దిక్కు. ఐపీ పెడితే తాకట్టు పెట్టుకున్నవారి హక్కు పోదు, ప్రభుత్వ బాకీలు రద్దు కావు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో మిగతావారిని కాదని ఒకరికే మేలు చేస్తూ కట్టిన డబ్బును, పిటిషన్‌కు ముందు రెండేళ్లలో బంధువుల పేరున ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు చెల్లకుండా చేయగలదు. తమ్ముడి పేరున ప్లాటు మార్చి ఆ తర్వాత సలహాకు వచ్చేవారికి ఏ న్యాయవాదీ పెద్దగా సాయపడలేడు. ఇదే చట్టంలో రాజీకి కూడా చోటుంది: హాజరైన రుణదాతల్లో సంఖ్యలో సగానికి పైగా, బాకీ విలువలో నాలుగింట మూడు వంతులకు చెందినవారు ఒప్పుకుని, కోర్టు సమ్మతిస్తే ఆ ఏర్పాటు అందరికీ వర్తిస్తుంది.

ఆరో అడుగు: ప్రతిపాదన మీరే రాయడం

అవతలివారు రాసింది చదివి ఒప్పుకోవడం కాదు, మీ లెక్కతో మీరే రాసుకుని వెళ్లాలి. ఆ కాగితం మీద "హక్కులకు భంగం లేకుండా, రాజీ చర్చల నిమిత్తం మాత్రమే" అన్న మాట ఉండాలా, అప్పు మొత్తాన్ని అందులో పేర్కొనవచ్చా అన్నది న్యాయవాదికి చూపించాకే ఇవ్వండి. రాజీ కోసం రాసిన ఉత్తరమే గడువును పొడిగించే ఒప్పుకోలుగా మారవచ్చు.

మేస్త్రీ మొదట షాపు మూలన పోగుపడిన కాలిన మోటార్ల రాగి తీగను తుక్కుకు అమ్మి, గిరిగిరికి మిగిలిన 20,000 ఒకేసారి కట్టేశాడు. ఐపీ ఆలోచన లేదని తేల్చుకున్నాకే ఆ పని చేశాడు. నోటు ఆసామి అసలు 3,00,000, మిత్తి బకాయి 1,92,000 అడుగుతున్నాడు. మా ప్రతిపాదన ఏమిటంటే, మిత్తి బకాయి వదిలేసి అసలు మాత్రం తీసుకోవాలి. చిట్టీ ముగిసేదాకా 16 నెలలు 1,500 చొప్పున, ఆ తర్వాత 42 నెలలు 6,500 చొప్పున, చివరి నెల 3,000. మొదట తక్కువ, తర్వాత ఎక్కువ అన్న ఈ మెట్ల పద్ధతిని ఆసామి మొదట వెక్కిరింతగా భావించాడు. ఆదాయ ఖర్చుల కాగితం చూపించాక, వడ్డీ వ్యాపారానికి లైసెన్సు లేదన్న ప్రశ్న అతని న్యాయవాదే అతనికి వివరించాక, గడువుకు నెల రోజుల ముందు లోక్ అదాలత్‌లో ఒప్పుకున్నాడు.

ఏడో అడుగు: సంతకం రోజున చూసుకోవలసినవి

ఒప్పందం పూర్తిగా మీకు తెలిసిన భాషలో ఉండాలి, లేకుంటే తెలుగులో చదివి వినిపించినట్టు అందులోనే రాయాలి. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. మిత్తి ఏ తేదీ నుంచి ఆగిపోతుందో స్పష్టంగా లేకపోతే, "రాజీ" అన్న పేరుతో పాత మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఒక కిస్తీ తప్పితే ఏమవుతుందన్న వాక్యాన్ని రెండుసార్లు చదవండి: ఒక్క నెల ఆలస్యానికే మొత్తం బాకీ వెంటనే కట్టాలన్న షరతు ఉంటే, కనీసం రెండు కిస్తీల వెసులుబాటు అడగండి.

పాత నోటు, ఖాళీ చెక్కులు అదే రోజు తిరిగి రావాలి. "ఎక్కడో పెట్టిన, దొరికినంక ఇస్త" అంటే, ఆ చెక్కుల నంబర్లు రాసి అవి ఇకపై చెల్లవని ఒప్పందంలోనే పేర్కొనమనాలి, బ్యాంకులో స్టాప్ పేమెంట్ విషయం న్యాయవాదిని అడిగి చూసుకోవాలి. మేస్త్రీ ఇచ్చిన నాలుగు చెక్కుల్లో మూడే తిరిగి వచ్చాయి. నాలుగోదాని నంబరు అవార్డులో రాయించడానికి అరగంట వాదించవలసి వచ్చింది, ఆ అరగంట వృథా కాలేదని నా అభిప్రాయం.

ఎనిమిదో అడుగు: ఆ తర్వాతి నెలలు

ప్రతి కిస్తీని బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టండి. చేతికి ఇవ్వక తప్పకపోతే అప్పటికప్పుడే రసీదు తీసుకోండి. ఆదాయం పడిపోతే కిస్తీ తప్పాక కాకుండా తప్పకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. బ్యాంకు అప్పు పూర్తిగా తీరినప్పుడు బాకీ లేదన్న ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి, తాకట్టు పెట్టిన స్థిరాస్తి పత్రాలను 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వైపు ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. బ్యాంకుకో ఫైనాన్స్ సంస్థకో ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి 14448.

ఈ రోజుల్లో ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, నిద్రపోకుండా కూర్చుంటే కాగితాల సంగతి తర్వాత చూడవచ్చు, ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. పత్తి అమ్మకాల కాలంలో, కాలేజీ ఫీజుల కాలంలో ఈ నంబరు గోడ మీద రాసి ఉండడం మంచిది.

మేస్త్రీకి ఇప్పటికి పదకొండు కిస్తీలు అయ్యాయి. యూపీఐ రసీదులను నెలనెలా ప్రింటు తీయించి, రాగి తీగ చుట్ట వచ్చే ప్లాస్టిక్ కవరులో నోటుతో కలిపి పెడుతున్నాడు. నాలుగో చెక్కు ఇంకా దొరకలేదు.